ఫైళ్ళన్నీ వచ్చాయి, వేళలే తారుమారయ్యాయి: నెల్లూరులో ఒక కంప్యూటర్ దుకాణం పనితనం

అల్లూరు దగ్గర మా రొయ్యల గుంటల లెక్కలున్న పాత కంప్యూటర్ మొరాయించడంతో, జనవరిలో నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులోని ఒక దుకాణంలో కొత్తది కొని, ఫైళ్ళు మార్చే పనినీ వారికే అప్పగించాను. నవంబరు వరకు ఉన్న లెక్కలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోనూ, డిసెంబరువి పెన్‌డ్రైవులోనూ ఇచ్చాను. మర్నాటికల్లా పని పూర్తయింది, ఒక్క ఫైలూ పోలేదు, తీసుకున్న డబ్బూ న్యాయమే.

చిక్కు ఇంటికి వచ్చాక బయటపడింది. మా సూపర్‌వైజరు రోజూ తెల్లవారుజామున ఐదింటికి నీటిలో ఆక్సిజన్ కొలిచి, గుంటకొక ఎక్సెల్ ఫైలులో నమోదు చేస్తాడు. నిరుటి జనవరి, ఫిబ్రవరి నెలల ఫైళ్ళు కొత్త కంప్యూటర్‌లో ముందురోజు మధ్యాహ్నం 3.30కి సవరించినట్లు కనిపించాయి. చీకట్లో నాచు ఆక్సిజన్ ఇవ్వదు గనుక తెల్లవారేసరికి అది తగ్గడం సహజం గాని, ఎండ కాసే వేళ 3 పీపీఎం (పది లక్షల పాళ్ళలో మూడు) మాత్రమే ఉండటమేమిటి? మే నెల ఫైళ్ళేమో 4.30 చూపాయి. ఫైలు పేరులో తేదీ పెట్టే అలవాటు లేకపోవడం మా తప్పే.

ఫోను చేస్తే, "కాపీ చేస్తే తేదీలు మారతాయి సార్" అన్నారు. అది సగం నిజం. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే సృష్టించిన తేదీ మారుతుంది గాని, సవరించిన తేదీ మారదు.

కారణం ఆ గంట తేడాలోనే దొరికింది. మనకు లేని వేసవి గడియారం, అంటే వేసవిలో వేళను గంట ముందుకు జరిపే పద్ధతి, అమెరికాలో ఉంది. సెట్టింగులు తెరిస్తే టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ తీరానిది. దాన్ని మార్చకుండా గడియారాన్ని మాత్రం చేత్తో మన వేళకు తిప్పి ఇచ్చారు. మూలన ఉన్న గడియారం సరిగ్గానే కనిపిస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? భారత జోన్ ఎంచుకొని గడియారం సరిచేయగానే హార్డ్ డిస్కు నుంచి వచ్చిన ఫైళ్ళన్నీ ఐదింటికి వచ్చాయి. ఆ డిస్కులో ఫైళ్ళను భద్రపరిచే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. అందులో వేళ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక వేళలో ఉంటుంది, జోన్‌ను బట్టి చూపేది మాత్రమే మారుతుంది.

అయితే అంతవరకు బాగున్న డిసెంబరు ఫైళ్ళు అప్పుడు సాయంత్రం 6.30కి మారిపోయాయి! పెన్‌డ్రైవు ఫ్యాట్32 అనే మరో పద్ధతిలో ఉంది. అందులో జోన్ ఊసు లేకుండా స్థానిక వేళ మాత్రమే ఉంటుంది. కాపీ చేసినప్పుడు కంప్యూటర్ దాన్ని అమెరికా ఐదు గంటలుగా భావించి దాచింది. వాటిని తొలగించి, పెన్‌డ్రైవు నుంచి మళ్ళీ కాపీ చేస్తే సరిపోయింది.

ఈ సంగతి చెప్పాక దుకాణదారు వాదించకుండా ఒప్పుకున్నారు, అది నాకు నచ్చింది. పనికి ఐదులో మూడు మార్కులిస్తాను. అక్కడికి వెళ్ళేవారు కాపీ మొదలుపెట్టకముందే టైమ్ జోన్ తెరిచి చూపించమని అడగండి. పెన్‌డ్రైవును మాత్రం వేళలు సరిచూసుకునేదాకా ఖాళీ చేయకండి.