తీర భద్రత లెక్కలు అడగాలంటే సమాచార హక్కు (స.హ.) దరఖాస్తు ఎంతవరకు పనికొస్తుంది?

2008 నవంబరులో ఉగ్రవాదులు సముద్రం మీదుగా ముంబయిలో దిగిన తర్వాత తీర భద్రతకు ప్రభుత్వాలు డబ్బు కేటాయించాయి. కొత్తపట్నం, రామాయపట్నం, జువ్వలదిన్నె వైపు వేటకు వెళ్లేవాళ్లకూ మెరైన్ పోలీసులు, గస్తీ బోట్లు, గుర్తింపు కార్డులు అలవాటయ్యాయి. ఆ బోట్లు నీళ్లలో తిరుగుతున్నాయా, మరమ్మతులకు ఎంతైంది అని సామాన్యుడు అడగడానికి అన్నిటికంటే చవకైన దారి సమాచార హక్కు చట్టం. దరఖాస్తు దశ వరకు ఇది నిజంగా మంచి సేవ. అప్పీళ్ల దగ్గరే నీరసపడుతుంది.

ఖర్చు ఏమంత కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. జిరాక్సు పేజీకి 2 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిందైతే 48 గంటలు. దరఖాస్తు వేరే కార్యాలయానికి చెందినదైతే తిప్పి పంపకూడదు, 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి.

ఫలితమంతా ప్రశ్న రాసే తీరులో ఉంది. కలెక్టరేట్ బయట అర్జీలు రాసిచ్చే చోట తరచుగా జరిగే పొరపాటు ఇదే: ‘గస్తీ ఎందుకు సరిగా చేయడం లేదు?’ అని రాస్తారు. ‘ఎందుకు’కి జవాబు చెప్పాల్సిన బాధ్యత అధికారికి లేదు, రికార్డులో ఉన్నదే ఇవ్వాలి. ‘ఎన్ని గంటలకు, ఏ దారిలో గస్తీ తిరుగుతారు?’ అంటే చట్టంలోని సెక్షన్ 8(1)(ఎ) కింద భద్రత పేరుతో తిరస్కరిస్తారు, అందులో న్యాయమూ ఉంది. అదే విషయాన్ని ఇలా అడగాలి: ‘2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 వరకు ఫలానా మెరైన్ పోలీస్ స్టేషన్ గస్తీ బోట్లకు కొన్న డీజిల్ ఎన్ని లీటర్లు, చెల్లించిన బిల్లుల నకళ్లు, మరమ్మతు ఒప్పందం నకలు, బోటు పనిచేయని రోజుల సంఖ్య.’ గడిచిపోయిన ఏడాది డీజిల్ బిల్లుతో ఏ శత్రువుకూ ఒరిగేదేమీ లేదు. కట్టిన పన్ను ఏమైందో మాత్రం తెలుస్తుంది. చివర్లో ఒక వాక్యం తప్పక చేర్చండి: ‘కొంత భాగం ఇవ్వలేనిదైతే, సెక్షన్ 10 ప్రకారం దాన్ని తీసేసి మిగతాది ఇవ్వండి.’

‘మా విభాగానికి ఈ చట్టం వర్తించదు’ అనే జవాబును అలాగే నమ్మేయకండి. కేంద్రంలో ఐబీ, సీఐఎస్ఎఫ్, డీఆర్‌డీవో లాంటివి చట్టం రెండో షెడ్యూలులో, అంటే మినహాయింపు ఉన్న విభాగాల జాబితాలో ఉన్నాయి. కోస్ట్ గార్డ్ అందులో లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఏ నిఘా, భద్రతా విభాగాన్ని మినహాయించాలన్నా సెక్షన్ 24(4) కింద గెజిట్‌లో ప్రకటించి, శాసనసభ ముందు పెట్టాలి. కాబట్టి ఆ జీవో నంబరు అడగండి. మినహాయింపు ఉన్న విభాగమైనా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారం దాచడానికి లేదు. మానవ హక్కుల విషయమైతే సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

‘దర్యాప్తులో ఉంది’ అన్నదీ మామూలుగా వచ్చే జవాబే. సమాచారం ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో చెప్పకుండా ఆ మాట ఒక్కటే సరిపోదని ఢిల్లీ హైకోర్టు 2007లో ‘భగత్ సింగ్ వర్సెస్ చీఫ్ ఇన్ఫర్మేషన్ కమిషనర్’ కేసులో స్పష్టం చేసింది. అప్పీలులో ఆ తీర్పును ఉదహరించండి.

రెండు పనులకు మాత్రం దరఖాస్తు మీదే ఆధారపడొద్దు. ఒకటి, ఎఫ్ఐఆర్. 2016 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది, కానీ ఆ నిర్ణయం డీఎస్పీకి తగ్గని అధికారి తీసుకోవాలి. అలా పెట్టకపోవడం వల్ల నష్టపోయినవాళ్లు ఎస్పీకి అర్జీ పెట్టుకోవచ్చు. రెండోది, స్టేషన్ సీసీ కెమెరాల దృశ్యాలు. 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీళ్లు తిరిగేలోపు ఆ గడువు దాటిపోతుంది. అందుకే దరఖాస్తు వేసిన రోజే తేదీ, సమయం, కెమెరా ఉన్న చోటు రాసి, దృశ్యాలు చెరిపేయొద్దని ఎస్పీ కార్యాలయానికి వేరే లేఖ స్పీడ్ పోస్టులో పంపండి.

ఇక అసలు లోపం. మొదటి అప్పీలు 30 రోజుల్లో వేయాలి, పై అధికారి 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో తేల్చాలి. ఆ తర్వాత మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు 90 రోజుల్లోగా రెండో అప్పీలు. దాన్ని కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో చట్టంలో గడువే లేదు. రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం ఉంది గానీ, విచారణ ఆలస్యమయ్యేకొద్దీ దాని పదును తగ్గుతుంది. రెండో అప్పీలుకు దరఖాస్తు, పోస్టు రసీదు, వచ్చిన జవాబు, మొదటి అప్పీలు ఉత్తర్వు నకళ్లు జత చేసి, ఒక సెట్టు మీ దగ్గర ఉంచుకోండి.