అనంతపురం దుమ్ముకు ఏది మేలు: తడిగుడ్డా, కూలరా, ప్యూరిఫయరా?

ఆషాఢం గాలి మొదలైతే అనంతపురంలో పొద్దున తుడిచిన టీవీ స్టాండు మీద సాయంత్రానికి వేలితో గీత గీయొచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. పైగా ఊరు పెరిగే కొద్దీ కొత్త లేఅవుట్లలో మట్టి రోడ్లు, వీధి మలుపుల్లో ఇసుక కుప్పలు. దేశంలో గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల కోసం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో అనంతపురం, కర్నూలు, కడప మూడూ ఉన్నాయి. వీధి సంగతి మున్సిపాలిటీ చూడాలి. ఇంట్లో దేనికి డబ్బు పెట్టాలన్నది మన లెక్క.

ముందు వచ్చేది ఏ దుమ్మో తేల్చుకోండి. ఆషాఢంలో వచ్చేది ఎర్రమట్టి. రేణువు పెద్దది, ఫ్యాను ఆపితే నిమిషాల్లో బండల మీదికి దిగుతుంది. చలికాలం పొద్దున వీధి చివర తెల్లగా కనిపించే మసక వేరు. అందులో చెత్త కాల్చిన పొగ, డీజిల్ పొగ ఉంటాయి. 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న రేణువులు గంటల తరబడి గాలిలోనే తేలుతూ ఊపిరితిత్తుల లోతు దాకా పోతాయి. మన ప్రమాణం ప్రకారం ఇవి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. 10 మైక్రాన్ల లోపు దుమ్మంతా కలిపితే ఆ హద్దు 100.

ఎర్రమట్టికి తడిగుడ్డను మించింది లేదు. కాకపోతే వరస ముఖ్యం. చాలా ఇళ్లలో ముందు పొడి చీపురుతో కసువు ఊడ్చి, ఆ తర్వాత తడిగుడ్డ పెడతారు. దిగిన దుమ్మును చీపురే మళ్లీ పైకి లేపుతుంది, ఫ్యాను దాన్ని ఇల్లంతా పంచుతుంది. ఫ్యాను ఆపి పావుగంట ఆగండి. మొదట కిటికీ అంచులు, తర్వాత బల్లలు, చివరికి నేల తడిగుడ్డతో తుడవండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి గుడ్డ పిండడానికి, ఒకటి మంచినీళ్లకు. ఒకే బకెట్ అయితే నాలుగో గదికి వచ్చేసరికి నేలకు పల్చగా బురద పూసినట్టే, ఆరాక అదే దుమ్ము. తలుపు కింద వేలు దూరేంత సందుంటే రబ్బరు పట్టీ అంటించండి. గాలి పడమటి వైపు నుంచి కొట్టే రోజుల్లో ఆ వైపు కిటికీలు మూసి తూర్పువి తెరవండి. దోమతెర దుమ్మును ఆపదు, దాచుకుంటుంది. గాలి గట్టిగా వీస్తే దులిపేది కూడా అదే. వారానికోసారి కడగాలి.

కూలర్ చల్లదనానికి సరే, దుమ్ముకు కాదు. తడి ప్యాడ్లు లావు మట్టిని కొంత పట్టుకుంటాయి, పొగ రేణువు దాదాపు అలాగే దాటిపోతుంది. పైగా కూలర్ పనిచేయాలంటే ఎదురు కిటికీ తెరిచి ఉండాలి, అంటే బయటి గాలినే గంటల తరబడి లోపలికి లాగుతున్నాం. బోరు నీళ్ల ఉప్పు ప్యాడ్లకు పట్టి, మట్టితో కలిసి గట్టిపడుతుంది. ఆ ప్యాడ్లలోంచి గాలి దూరదు. వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి ప్యాడ్లు కడగాల్సిందే. బోరు నీళ్లు పోసి సన్న తుంపర చిమ్మే చిన్న హ్యూమిడిఫయర్లు ఇంకా అన్యాయం. నీటిలోని లవణాన్ని తెల్లటి పొడిగా గదంతా చల్లుతాయి.

పొగ రోజులకు గాలిని వడగట్టే ప్యూరిఫయరే. అందులో సన్న రేణువులను పట్టే హెపా ఫిల్టరు ఉండాలి. పెట్టె మీద ‘హెపా టైప్’ అని ఉంటే అది అసలు హెపా కాకపోవచ్చు, పక్కన పెట్టండి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గదిలో గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు శుభ్రం కావాలంటే 170 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (మిషను గంటకు శుభ్రం చేసి ఇచ్చే గాలి) కావాలి. కంపెనీ చెప్పే అంకె అత్యధిక వేగంలోది, ఆ హోరులో నిద్ర పట్టదు. అందుకే 300 ఉన్నది కొనండి. 40 వాట్లది రోజుకు 12 గంటలు నడిస్తే నెలకు 15 యూనిట్ల లోపే. మూలన సోఫా వెనక నక్కించకండి, గోడకు అరమీటరు దూరంలో పెట్టండి. మన ఎర్రదుమ్ముకు ముందు జల్లెడ వారంలోనే మూసుకుపోతుంది, దాన్ని దులపండి. హెపాను మాత్రం నీళ్లతో కడిగితే పాడవుతుంది. పోపు పెట్టినప్పుడు మిషను ఎర్రలైటు వెలిగిస్తే చెడిందనుకోకండి, అది కూడా పొగే. ఆషాఢం మట్టికి ఇది దండగ ఖర్చు, నేల మీదికి దిగిపోయిన దుమ్మును ఇది లాగలేదు.

తలుపులన్నీ మూసుకుని కూర్చున్నా కుదరదు, మనం ఊపిరితో వదిలే బొగ్గుపులుసు వాయువును ప్యూరిఫయర్ తగ్గించదు. చలికాలంలో మసక విడిపోయాక, మధ్యాహ్నం 12 నుంచి 4 లోపు అరగంట కిటికీలు తెరవండి.

చేతిలో వెయ్యి రూపాయలే ఉంటే రబ్బరు పట్టీ, తుడుపు సామాను. ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉంటే, వాళ్లు పడుకునే ఒక్క గదికి ప్యూరిఫయర్. బండి మీద తిరిగేవాళ్లకు ఈ రెండూ చాలవు, ముక్కు దగ్గర తీగ నొక్కి బిగించిన ఎన్95 కావాలి. గడ్డం ఒత్తుగా ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది. ఊపిరి పీల్చడం బరువనిపించిన రోజు మాస్కు మార్చండి, ఉతికి మళ్లీ పెట్టుకోకండి.