గవర్నర్‌పేట ట్రావెల్ ఏజెన్సీ: టికెట్టు సరైనదే, లెక్కే తప్పు

సింగపూర్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరికి అమ్మానాన్నలను పంపడానికి గత డిసెంబరులో విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ట్రావెల్ ఏజెన్సీని ఆశ్రయించాము. ధర విషయంలో వారిని తప్పుపట్టలేను; మేము సొంతంగా చూసుకున్న ధరకూ వారు చెప్పినదానికీ పెద్ద తేడా లేదు, పైగా వీసా కాగితాలన్నీ వారే ఓపికగా సరిచూశారు. నా అభ్యంతరమంతా వారు చేతికిచ్చిన ప్రయాణ పట్టిక గురించే.

శంషాబాద్ నుంచి సింగపూర్‌కు 7 గంటలనీ, తిరుగు ప్రయాణానికి 2 గంటలనీ అందులో అచ్చువేసి ఉంది. రాత్రి 11 గంటలకు బయలుదేరిన విమానం ఉదయం 6 గంటలకు దిగుతుంది కనుక 7. అక్కడ రాత్రి 8 గంటలకు ఎక్కితే ఇక్కడ 10 గంటలకు దిగుతారు కనుక 2. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందన్న సంగతి ఈ తీసివేతలో ఎవరికీ గుర్తు రాలేదు. నిజానికి ఎటు వెళ్ళినా నాలుగున్నర గంటలే. ఆ రెండు నగరాల మధ్య ఆకాశమార్గాన దూరం దాదాపు 3,300 కిలోమీటర్లు. సింగపూర్‌లో ఎగిరిన విమానం 2 గంటలకు నికోబార్ దీవుల దరిదాపుల్లో ఉంటుంది తప్ప శంషాబాద్‌లో కాదు.

నాన్నగారికి మధుమేహం ఉన్నందువల్ల ఈ పొరపాటును తేలికగా తీసుకోలేకపోతున్నాను. వెళ్ళేటప్పుడు 7 గంటల లెక్కన కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తీయకముందే దిగే ప్రకటన వచ్చేసిందట, అంతవరకు నష్టమేమీ లేదు. వచ్చేటప్పుడు మాత్రం రెండు గంటలే కదా, ఇంటికొచ్చి తినవచ్చునని ఏమీ వెంట తెచ్చుకోక, చివరికి విమానంలో బిస్కెట్లు కొనుక్కుని సర్దుకున్నారు.

నేలమీది ప్రయాణం గురించి పట్టికలో ఒక్క ముక్క కూడా లేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి విజయవాడ నుంచి సుమారు 280 కిలోమీటర్లు, అయిదున్నర గంటలు; ఆపైన మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. రాత్రి 11 గంటల విమానానికి ఇంటి నుంచి మధ్యాహ్నం రెండున్నరకే కదలాలని వారు చెప్పి ఉండవలసింది. చెన్నై మీదుగా వెళితే గాలిలో సుమారు 400 కిలోమీటర్లు తగ్గుతాయి కానీ, రోడ్డుమీద 170 పెరుగుతాయి కాబట్టి మాలాంటివారికి కలిసొచ్చేదేమీ లేదు. గన్నవరం నుంచి హైదరాబాద్‌కు గంట విమానముందని, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఆ మార్గం సూచించాలని కూడా వారికి తోచలేదు.

నేను వెళ్ళి చెప్పినప్పుడు కౌంటరులోని అబ్బాయి మర్యాదగానే విని, మా పట్టికను పెన్నుతో దిద్ది ఇచ్చాడు. గత వారం మా పక్కింటివారు తెచ్చుకున్న పట్టికలో మళ్ళీ 7, 2 అనే అచ్చయి ఉన్నాయి.