బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్, రిపేర్ ఎస్టిమేట్ సర్వీస్: తట్టి చూడటం బాగుంది, లెక్క దగ్గరే తేడా కొట్టింది

మా అపార్ట్‌మెంట్ కట్టి 22 ఏళ్ళు దాటింది. పైకప్పులో పెచ్చులు ఊడటం, గోడల్లో చెమ్మ, అన్నీ మొదలయ్యాయి. కమిటీలో ఇరుక్కున్న పాపానికి ఈ పని నా నెత్తిన పడింది. బిల్డింగంతా తిరిగి చూసి ఏది పాడైందో, దేనికి ఎంత ఖర్చవుద్దో రాసిచ్చే సర్వీస్ ఒకటి మాట్లాడుకున్నాం, పేరు రాయట్లేదు, ఎందుకంటే పంచాయితీ ఇంకా తెగలేదు. నా రేటింగ్ 5కి 3, ఆ మూడూ వచ్చిన ఇంజినీర్‌కే.

ఆయన నిజంగా పనిమంతుడు. చిన్న సుత్తి పట్టుకుని పార్కింగ్ స్లాబ్ కింద తట్టుకుంటూ వెళ్ళాడు. గట్టిగా ఉన్నచోట టంగుమని మోగుతుంది, లోపల విడిపోయినచోట డబడబమని డొల్ల శబ్దం వస్తుంది, అలా వచ్చిన ప్రతిచోటా సుద్దతో గీత గీసి టేపుతో కొలిచాడు. మేం రెండు చోట్లే పాడైందనుకున్నాం, చూస్తే గీతలు పదకొండు! ఒకచోట పెచ్చు తీసి ఏదో ద్రావణం స్ప్రే చేశాడు (ఫినాల్ఫ్తలీన్ అంట), బాగున్న కాంక్రీట్ గులాబీ రంగుకి మారింది, పైన ఒక పొర మాత్రం రంగే మారలేదు. "ఈ రంగు రాని భాగం ఊచల దాకా వచ్చేసింది సార్, ఇంక తుప్పుని ఆపేది లేదు, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి అసలుకి రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుద్ది, అందుకే కాంక్రీట్‌ని బయటికి నెట్టేస్తోంది" అన్నాడు. పైన ప్లాస్టరింగ్ పూసేసి పోతే మళ్ళీ ఎందుకు ఊడుద్దో నాకు ఆరోజే అర్థమైంది. ఇంతకుముందు మేం మూడుసార్లు చేయించింది అదే పని మరి.

పది రోజులకి రిపోర్టు వచ్చింది, ఫొటోలు కలర్‌లో, బైండింగ్ కూడా బాగుంది. చివరి పేజీలో మొత్తం అంకె చూసి సెక్రటరీ గారు కుర్చీలో కూలబడ్డారు. నేను మాత్రం ఆ రాత్రి కూర్చుని ఒక్కో లైనూ చదివాను. బయటి గోడల పగుళ్ళకి పరంజా ఖర్చు, బయట పైపులు మార్చడానికి పరంజా ఖర్చు, పెయింటింగ్‌కి మళ్ళీ పరంజా ఖర్చు. అదే గోడ, అదే ఎత్తు! ఒకసారి కడితే మూడు పనులూ అయిపోతాయి కదా అని ఫోన్ చేస్తే, ప్రతి లోపానికీ విడిగా లెక్క వెయ్యడం మా పద్ధతి అండి అంది ఆఫీసులో అమ్మాయి. విడిగా వేస్తే వెయ్యండి, కూడేటప్పుడు అయినా చూసుకోవాలి కదా.

ఇంకోటి, మూడో అంతస్తు ఫ్లాట్‌లో సీలింగ్ మరక 14వ నంబర్ లోపం, దాని పైన బాత్రూమ్ లీకు 31వ నంబర్. రెండిట్లోనూ ఆ లీకు సరిచేసే ఖర్చు ఉంది. ఒక్క నీటిచుక్కకి రెండు బిల్లులన్నమాట. పైగా ఉండాల్సినవేమో లేవు, డాబా మీద వాటర్‌ప్రూఫింగ్‌కి చదరపు అడుగుకి రేటు వేశారు గానీ పాత పొర పగలగొట్టడం, ఆ చెత్త కిందికి దించి తరలించడం, కొత్త పొరని పిట్టగోడ మీదకి కాస్త ఎక్కించి ముగించడం ఏవీ లేవు. ఏ మేస్త్రీని అడిగినా ముందు ఇవే చెప్తాడు.

నన్ను బాగా చిరాకు పెట్టింది మాత్రం "ప్లంబింగ్ రిపేర్లు, లంప్‌సమ్" అన్న లైను. ఎన్ని మీటర్ల పైపు, ఎన్ని జాయింట్లు, గోడ పగలగొట్టి మళ్ళీ టైల్స్ వెయ్యాలా, ఏమీ లేదు, ఒక అంకె అంతే. గోడ లోపల ఏముందో ముందే తెలియదు, అది ఒప్పుకుంటా. కాస్ట్ ఇంజినీర్ల సంస్థ ఏఏసీఈ ఎస్టిమేట్లని ఐదు క్లాసులు చేసింది, అందులో బాగా మోటు లెక్క క్లాస్ 5, దాంట్లో అసలు ఖర్చు చెప్పినదానికంటే సగం దాకా తగ్గొచ్చు, రెట్టింపు దాకా పెరగొచ్చు. అలాంటి లెక్కైతే అలాగే అని రాయాలి కదా, చివరి పైసా దాకా అంకె వేసి పక్కాగా ఉన్నట్టు చూపిస్తే ఎలా? అనుకోని ఖర్చుల కింద అన్నిటికీ ఒకటే 15 శాతం కలిపారు. కిటికీలు లెక్కపెట్టినవే, వాటికి అంత అక్కర్లేదు, గోడలో దాగిన పైపులకి అది ఏ మూలకీ చాలదు.

బిల్డింగ్ పరిస్థితి "పూర్" అని కూడా రాశారు. ఎఫ్‌సీఐ (ఫెసిలిటీ కండిషన్ ఇండెక్స్) అనే లెక్క ఉంది, పెండింగ్ రిపేర్ల ఖర్చుని అదే బిల్డింగ్ ఇప్పుడు కొత్తగా కట్టడానికి అయ్యే ఖర్చుతో భాగిస్తారు, మామూలుగా 5 శాతం లోపు బాగున్నట్టు, 10 దాటితే పూర్. వీళ్ళు కొత్తగా కట్టే ఖర్చులో లిఫ్ట్, జనరేటర్, కరెంటు పని కలపలేదు, రిపేర్ల ఖర్చులో మాత్రం అవన్నీ ఉన్నాయి. కొత్తగా కట్టడానికి 100, రిపేర్లు 8 అనుకోండి, 8 శాతం. ఆ 100ని 70 చేస్తే అదే రిపేరు 11 దాటేస్తుంది. మీటింగ్‌లో ఈ ఒక్క మాటకి ఇద్దరు ఓనర్లు ఫ్లాట్ అమ్మేద్దాం అనేదాకా వెళ్ళారు తెలుసా.

తీసుకునేవాళ్ళుంటే ఆ ఇంజినీర్ వస్తాడో లేదో అడిగి మరీ తీసుకోండి, రిపోర్టుతోపాటు కొలతల షీట్ కూడా ఇవ్వాలని ముందే రాయించుకోండి. మేం అడిగితే ఎక్స్‌ట్రా చార్జ్ అన్నారు, నాలుగు మెయిల్స్ తర్వాత ఊరికే పంపారు. నిన్న సవరించిన రిపోర్టు వచ్చింది. పరంజా ఒక్కసారే ఉంది, 14, 31 కలిపేశారు, ప్లంబింగ్‌కి మీటర్లు కూడా వచ్చాయి. డాబా చెత్త తరలింపు మాత్రం ఇంకా లేదు, రేపు పొద్దున్నే మళ్ళీ ఫోన్ చెయ్యాలి.