కోరింగ బావురుపిల్లి: తల్లి వంశక్రమం చాలునా, పూర్తి జన్యుక్రమం కావాలా?

కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి బతికే బావురుపిల్లికి కృష్ణా డెల్టా, సుందరవనాల పిల్లులతో గల చుట్టరికాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. మొదటిది, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ; అది సుమారు 17,000 అక్షరాలదే (అక్షరమంటే డీఎన్ఏ గొలుసులోని ఒక రసాయన ప్రమాణం). కణానికి వందలాది ప్రతులుంటాయి కనుక, పోటునీరు తడపని గట్టున దొరికిన మలం నుంచి కూడా, జంతువును పట్టకుండానే, దానిని రాబట్టవచ్చు. అయితే అది తల్లి నుంచే సంక్రమిస్తుంది కాబట్టి, పిల్లి జాతుల్లో సాధారణంగా దూరం వెళ్లి స్థిరపడే మగవాటి వలస అందులో నమోదు కాదు.

దాదాపు 250 కోట్ల అక్షరాల పూర్తి జన్యుక్రమానికి ఖర్చు ఎక్కువ, చెడిపోని రక్తమో కణజాలమో కావాలి. కానీ ఇరువైపుల వంశాన్నీ, దగ్గరి బంధువుల మధ్య జరిగిన సంతానోత్పత్తినీ, వేల ఏళ్లలో సంఖ్య పెరిగి తగ్గిన తీరునూ అది కొద్ది జంతువుల నుంచే చూపగలదు. రొయ్యల చెరువులు చుట్టుముట్టిన ఈ అడవికి రెండవదే అత్యవసరమని నా అభిప్రాయం.