కురుసుర బతికింది, విరాట్ తుక్కైంది: పాత యుద్ధనౌకలు చూడబోయేవారికి

నౌకాదళం వదిలించుకున్న ఓడ చివరికి మ్యూజియమైనా కావాలి, తుక్కైనా కావాలి, లేదంటే క్షిపణి విన్యాసాల్లో గురిగా నిలబడి సముద్రం పాలవ్వాలి. మొదటి అదృష్టం దక్కేది తక్కువ ఓడలకే. వాటిలో తీరిగ్గా చూడదగ్గది విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి.

1969లో సేవలో చేరి 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. పొడవు 91 మీటర్లు. ఒడ్డుకు చేర్చి, లాగి, దిమ్మల మీద కూర్చోబెట్టడానికి సుమారు 5.5 కోట్ల రూపాయలైంది. 2002 ఆగస్టులో జనానికి తెరిచారు.

ఒక కొసన ఎక్కి ఇంకో కొసన దిగాలి, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారాలు. ముందు ఒక కాలు అవతల పెట్టి, తర్వాత తల వంచి నడుము దూర్చాలి. తల ముందు పెట్టినవాళ్లకి బొప్పి ఖాయం. వీపున బ్యాగుంటే ఇరుక్కుంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బయటే కూర్చోబెట్టడం మేలు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు, మూడు డీజిల్ ఇంజన్లు, ఆ ఇరుకులోనే సిబ్బంది పడకలు, వంటగది. వివరించేవాళ్లు రిటైరైన నేవీ వాళ్లు. ఆదివారం రద్దీలో వాళ్లు జనాన్ని ముందుకు తోయడంతోనే సరిపోతుంది. వారం మధ్యలో వెళ్లి అడిగితే బ్యాటరీల సంగతి దగ్గర్నుంచి చెబుతారు. సోమవారం సెలవు.

రోడ్డుకి అవతల జలాంతర్గాముల్ని వెతికే నేవీ విమానం టీయూ-142. 2017లో రిటైరైంది, రెక్కల వెడల్పు 50 మీటర్లు. ఒక్కో ఇంజనుకి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లుంటాయి, కింద నిలబడి చూడండి. పక్క హాల్లో సోనోబాయ్‌లున్నాయి, అంటే జలాంతర్గాముల చప్పుడు వినడానికి విమానం నుంచి సముద్రంలోకి వదిలే పరికరాలు. ఒకటే చూసే తీరిక ఉంటే మాత్రం కురుసురకే ఓటు.

బస బీచ్ రోడ్డులో అయితే రెండిటికీ నడిచి పోవచ్చు, కానీ సముద్రం కనిపించే గదికి అద్దె ఎక్కువ. ఆర్టీసీ కాంప్లెక్సు, ద్వారకానగర్ వైపు చవక. అక్కణ్ణుంచి కైలాసగిరి వెళ్లే 10కే బస్సు బీచ్ మీదుగానే పోతుంది. నేవీ విన్యాసాలు ఇక్కడ జరిగే రోజుల్లో బీచ్ రోడ్డు మూసేస్తారు, గదులూ దొరకవు.

విమానవాహక నౌక విరాట్‌నీ విశాఖకు తెచ్చి మ్యూజియం చేయాలని ఆంధ్ర ప్రభుత్వం ఆశపడింది. కానీ అంత పెద్ద నౌకని కురుసురలా ఇసుక మీదికి లాగలేం. నీళ్లలోనే ఉంచి, తుప్పు గీకి, రంగేసి, అడుగు రేకు మారుస్తూ ఏటా పోషించాలి. ఆ బిల్లు కట్టేవాళ్లే దొరకరు. ముంబైలో ఏళ్ల తరబడి మ్యూజియంగా నిలిచిన పాత విక్రాంత్‌నీ 2014లో కోయడం మొదలెట్టారు. 38.54 కోట్లకి అమ్ముడైన విరాట్ 2020 సెప్టెంబరులో గుజరాత్‌లో ఓడల్ని తుక్కుగా కోసే అలంగ్ చేరింది.

అలంగ్‌లో పోటు ఎత్తు చాలా ఎక్కువ. పెద్ద పోటు రోజున ఓడని సొంత ఇంజన్లతోనో, లాగే టగ్గు పడవలతోనో ఒడ్డుకెక్కిస్తారు, నీళ్లు తీయగానే కోత మొదలు. అనుమతి లేనిదే యార్డుల్లోకి పోనివ్వరు, గేటు దగ్గర బతిమాలి లాభం లేదు. ఊళ్లోకి వెళ్లే దారికి రెండు పక్కలా ఓడల్లోంచి దిగిన మంచాలు, పింగాణీ, దీపాలు అమ్మే కొట్లున్నాయి. అవి ఎక్కువగా వాణిజ్య నౌకలవే, యుద్ధనౌక జ్ఞాపిక అని చెబితే నమ్మి ఎక్కువ ఇవ్వకండి. కరెంటు సామాను కొంటే ప్లేటు మీద వోల్టేజి చూసుకోండి. 110 వోల్టులది మన ప్లగ్గులో పెడితే మాడిపోతుంది. లైఫ్ జాకెట్లు అలంకరణకే. బసకి భావనగర్ నయం, దాదాపు 50 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు.