పీఫాస్ పరీక్ష: జాబితా ప్రకారం కొలవడమా, జాబితా లేకుండా వెతకడమా?

టెఫ్లాన్ వంటి ఫ్లోరిన్ ప్లాస్టిక్‌ల తయారీలో వాడే పీఫాస్ రసాయనాలు ఊరి తాగునీటిలో ఉన్నాయేమో తేల్చడానికి రెండు మార్గాలున్నాయి. ముందే ఖరారైన జాబితాలోని రసాయనాలను మాత్రమే కొలవడం ఒకటి. జాబితాతో నిమిత్తం లేకుండా, అణువుల బరువును బట్టి రసాయనాలను గుర్తుపట్టే అత్యంత సునిశితమైన మాస్ స్పెక్ట్రోమెట్రీతో నీటిలో ఏమేమి ఉన్నాయో వెతకడం రెండవది.

ఏ రసాయనాన్ని అనుమానించాలో తెలిసిన చోట మొదటిదే మేలు. న్యూయార్క్ రాష్ట్రంలోని హూసిక్ ఫాల్స్‌లో 2014లో ఒక స్థానికుడు కుళాయి నీటిని ల్యాబుకు పంపి పీఎఫ్‌ఓఏ అనే పీఫాస్ కోసం పరీక్ష చేయించగా, అప్పటి సూచన పరిమితి అయిన లీటరుకు 400 నానోగ్రాములను మించి అది బయటపడింది. తాగునీటిపై అమెరికా 2013-15లో జరిపిన జాతీయ సర్వే పదివేల జనాభా దాటిన నీటి వ్యవస్థలన్నిటినీ, చిన్నవాటిలో ఎంపిక చేసిన కొన్నిటినీ మాత్రమే పరీక్షించినందువల్ల ఆ ఊరు దాని పరిధిలోకి రానేలేదు.

నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ పెద్ద ఊరే కాబట్టి ఆ సర్వే పరిధిలోకి వచ్చింది; కానీ ఆ సర్వే జాబితాలో ఉన్నవి ఆరు పీఫాస్‌లే, వాటిలో జెన్‌ఎక్స్ అనే మరో పీఫాస్ లేదు. ఎగువన ఫాయెట్‌విల్ దగ్గరి కర్మాగారం నుంచి కేప్ ఫియర్ నదిలో కలుస్తున్న ఆ రసాయనాన్ని పట్టుకున్నది జాబితా లేని వెతుకులాటే. పరిశోధకులు 2015లోనే దాని ఆనవాళ్లను ప్రచురించినా, ఊరివారికి సంగతి తెలిసింది 2017లో.

అయితే ఈ రెండవ పద్ధతికి ఖర్చు ఎక్కువ, చేయగల ల్యాబులు తక్కువ. పైగా పోల్చి కొలవడానికి ప్రామాణిక నమూనా (మోతాదు తెలిసిన శుద్ధ రసాయనం) లేని రసాయనం ఉందని చెప్పగలదే గాని, ఎంత ఉందో కచ్చితంగా చెప్పలేదు. అందువల్ల ఎగువన రసాయన కర్మాగారం లేని ఊరికి, రెండూ కలిసి 29 పీఫాస్‌లను కొలిచే, జాబితా ప్రకారం నడిచే అమెరికా పర్యావరణ సంస్థ (ఈపీఏ) 533, 537.1 పద్ధతులు చాలునని నా అభిప్రాయం. కర్మాగారం ఉంటే, శుద్ధి చేయని నది నీటిలో ముందు వెతికించి, దొరికినవాటిని తరువాత కొలిపించడమే సరైన వరుస. మన ఇళ్లలో నమ్మకంగా చూసే టీడీఎస్ మీటరు ఇక్కడ దేనికీ పనికిరాదు. నీటిలో కరిగిన లవణాలను అంచనా వేసే ఆ పరికరానికి నానోగ్రాముల లెక్క అందదు.

ఏ పద్ధతైనా, నివేదికలో "కనబడలేదు" అని ఉంటే ఎంత మోతాదుకు దిగువన కనబడలేదో ల్యాబును అడగాలి. ఆనాటి సర్వేలో పీఎఫ్‌ఓఏ లీటరుకు 20 నానోగ్రాములకు తక్కువైతే నమోదే చేయలేదు. 2024లో అమెరికా ప్రకటించిన పరిమితి 4.